పిలుపు కోసం, రాత కోసం పోరాడిన మహనీయుడు - మాదరి భాగ్యరెడ్డి వర్మ

భాగ్యరెడ్డి వర్మ గారి పేరు మొదటిసారి విన్న మన హాస్టలు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఆయన్ని రెడ్డి కులస్థుడు అనుకుంటారు. అనంతపురం జిల్లాలో రెడ్డి అనే మాటకు ఉన్న బరువు మనకు తెలియనిది కాదు కాబట్టి అలా అనుకోవడంలో వింత లేదు. వెనక వర్మ అని కూడా ఉండేసరికి ఇంకొందరు క్షత్రియుడేమో అనుకుంటారు. ఆయన రెడ్డీ కాదు, క్షత్రియుడూ కాదు. హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టినవారు. ఆ పేరు ఆయనకు ఎలా వచ్చింది, పేరు గురించి ఆయన జీవితమంతా ఎందుకు అంత పట్టుబట్టారు, ఆ పట్టుదల వల్ల ఈనాడు హాస్టలులో చదువుకునే మనకు ఏమి దక్కింది అనేది చెప్పడానికే ఈ వ్యాసం.

ఇలాంటి సంచికల్లో అంబేద్కర్ గారి జీవితం తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. అంబేద్కర్ గారి కంటే మూడేళ్ళు ముందు పుట్టి, మన తెలుగు నేల మీదే పనిచేసిన ఒకరి గురించి ఈసారి రాద్దామని మేము అనుకున్నాము. స్కూలు పుస్తకాల్లో ఆయనకు దొరికిన చోటు చాలా తక్కువ.

భాగ్యరెడ్డి వర్మ గారు 1888 మే 22న హైదరాబాదులో జన్మించారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రాగమాంబ. ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి శైవ గురువు ఒకరు ఉండేవారు. ఆ గురువు పిల్లవాడి పేరును భాగ్యరెడ్డి అని మార్చారు. రేడు అంటే పాలకుడు, బయటివాళ్ళు రాకముందు ఈ నేలను ఏలినవాళ్ళు మీరే, కాబట్టి ఆ మాట మీకు చెందుతుంది అన్నది ఆ గురువు వాదం. చరిత్ర పండితులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో వేరే సంగతి. ఒక చిన్న పిల్లవాడికి, నీ పేరు ఎవరో విసిరేసింది కాదు, నువ్వు తిరిగి తీసుకోవలసింది అని ఒక పెద్దమనిషి చెప్పాడు, అదే ముఖ్యం. వర్మ అనే మాట తర్వాత 1913లో ఆర్యసమాజం వారు ఇచ్చారు.

చిన్న వయసులోనే ఆయన ఇల్లు విడిచి, శాంటోస్ అనే బారిస్టరు గారి ఇంట్లో పనికి చేరారు. బట్లరు పని. చదవడం, రాయడం బాగా పట్టుబడింది ఆ ఇంట్లోనే. లాయరు ఇంట్లో ఉన్నందువల్లనే కాగితం మీద పడే మాట విలువ తెలిసిందని మేము గట్టిగా చెప్పలేము గానీ, తర్వాతి జీవితమంతా ఆయన ఉపన్యాసాలతో పాటు అర్జీల వెంట, తీర్మానాల వెంట, రికార్డుల వెంట పడ్డారు. సభలో చెప్పిన మాట సభతో పోతుంది, సర్కారు పుస్తకంలో ఎక్కిన మాట మనవళ్ళ దాకా వస్తుంది అని అర్థం చేసుకున్న మనిషి పని తీరు అది.

1906లో, అంటే 18 ఏళ్ళ వయసులో, ఆయన హైదరాబాదులో జగన్మిత్ర మండలి స్థాపించారు. హరికథలు, భజనలు, ఉపన్యాసాలతో జనాన్ని కూడగట్టేవారు. సారా మానమని, బాల్య వివాహాలు వద్దని, ఆడపిల్లల్ని దేవుడి పేరుతో జోగినులుగా, దేవదాసీలుగా వదలవద్దని చెప్పేవారు. 1911లో ఆ మండలి మన్య సంఘం అయింది. 1910 నుంచే బడులు తెరవడం మొదలుపెట్టారు. సర్కారు భాష ఉర్దూ అయినా ఆయన బడుల్లో తెలుగులో పాఠం చెప్పించారు. ఒకటి రెండు బడులతో మొదలై హైదరాబాదు, సికింద్రాబాదుల్లో 26 దాకా పెరిగాయి, రెండున్నర వేల మంది పిల్లలు చదివారు. ఈ బడుల సంగతి మళ్ళీ చెబుతాము. ముందు ఆ రోజుల్లో చట్టం, కచేరీ, రికార్డు మనవాళ్ళను ఏమని పిలిచేవో చూడాలి. అది తెలియకపోతే ఆయన పోరాటం అంతా పేరు కోసం పాకులాటలా కనిపిస్తుంది.

సర్కారు భాషకు గౌరవం చూపడం తెలియక కాదు. మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో పెద్దవాళ్ళ పేర్ల ముందు మ.రా.రా.శ్రీ అని ఉండేది. మహారాజరాజశ్రీ అన్నమాట. వెనక గారు. ఇంగ్లీషు గెజెట్టులో కూడా ఆ నాలుగు అక్షరాలు, ఆ గారు అలాగే అచ్చయ్యేవి. ఆ పైన రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు బిరుదులు. భూమి రికార్డుల్లో మాన్యం అనే మాట మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మాన్యుడికి, అంటే మన్నించదగినవాడికి, పన్ను లేకుండా ఇచ్చిన నేల మాన్యం. గౌరవం అనే ఊహ ఎకరాలుగా, సర్వే నెంబర్లుగా మారిన మాట అది. గుడి మాన్యం, పూజారి మాన్యం, కరణం మాన్యం. ఊరి చాకిరీ చేసేవాళ్ళకు కూడా చిన్న చిన్న మాన్యాలు ఉండేవి, తలారికి, నీరుగట్టుకు, వెట్టివాడికి. అదే మాట, కానీ ఒకరికి గౌరవం వల్ల నేల, ఇంకొకరికి నేల కోసం చాకిరీ. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చాక ఈ మాన్యాలు రైతువారీ పట్టాలుగా మారాయి. మా పక్క పల్లెల్లో పొలం పేరుగా మాత్రం మాట మిగిలింది.

మరి మనవాళ్ళకు ఏ మాటలు? ఇంగ్లీషులో డిప్రెస్డ్ క్లాసెస్ అన్నారు. అంటే అణచబడినవాళ్ళు. ఆ మాటలో కనీసం ఒక ప్రశ్న ఉంది, అణచింది ఎవరు అని. దాన్ని తెలుగు పత్రికలు నిమ్న జాతులు అని రాశాయి. నిమ్న అంటే పల్లంగా ఉన్నది, కింద ఉన్నది. ఎవరూ అణచనక్కర లేకుండానే తమంతట తామే కింద ఉన్నట్టు. ఇంగ్లీషులో ఉన్న నేరం తెలుగులోకి వచ్చేసరికి స్వభావం అయిపోయింది. హైదరాబాదు సర్కారు ఉర్దూలో పస్త్ అఖ్వాం అనేది. పస్త్ అన్నా కిందిదనే. ఇక అస్పృశ్యులు, అంటరానివారు అనే మాటల సంగతి చెప్పనే అక్కరలేదు. అంటకూడదని ఎవరు నిర్ణయించారో ఆ మాటలో లేదు, తప్పంతా అంటబడనివాడి మీదకే నెట్టేసింది.

పంచములు అనే మాట కొంచెం మర్యాదగా ఉంటుందని సర్కారు వాడిన మాట. కుల పేర్లు తిట్లుగా మారిపోయాయి కాబట్టి సంస్కృతంలో అయిదోవారు అంటే నొప్పి ఉండదని అనుకున్నారు. సంస్కృతంలో చెబితే ఏదైనా గౌరవంగా ఉంటుందనే నమ్మకం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది లెండి.

ఆ మాట మీదే భాగ్యరెడ్డి వర్మ గారు దెబ్బ కొట్టారు. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు పూనుకుని ఏర్పాటు చేసిన సభ అది. అధ్యక్షత వహించమని హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ గారిని పిలిచారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్ళు. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారని చరిత్రకారులు రాశారు. మనవాళ్ళు అంతమంది ఊళ్ళోకి వస్తే గుడిలోకి వచ్చేస్తారేమోనని భయం.

పిలిచినవాళ్ళు అచ్చు వేయించిన పేరు పంచమ మహాసభ. అధ్యక్షుడు ఆ కుర్చీలో కూర్చుని ఆ పేరునే ప్రశ్నించారు. వర్ణాలు నాలుగే అని శాస్త్రాలే చెబుతుంటే ఈ అయిదోది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పురాణంలో ఉంది, ఏ చరిత్రలో ఉంది అని అడిగారు. మనం లెక్కలో అయిదోవాళ్ళం కాదు, ఈ నేల మీద మొదటివాళ్ళం అన్నది ఆయన వాదం. ఆ వాదానికి సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైన సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. బడులు కావాలి, బావులు కావాలి, శాసన మండలుల్లో మనవాళ్ళకు చోటు కావాలి అనే తీర్మానాలు కూడా అక్కడే చేశారు. బావి తీర్మానం పక్కనే పేరు తీర్మానం ఉండడం మేము గమనించాము. ఆయనకు రెండూ దాహం తీర్చేవే అయి ఉండాలి.

ఒక అంకెను తిప్పి వేయడం లాంటిది ఆయన చేసిన పని. అయిదు అనే చివరి అంకె తీసి ఆది అనే మొదటి మాట పెట్టారు. కొత్త బిరుదు ఏదీ అడగలేదు, మ.రా.రా.శ్రీ కావాలని అనలేదు. మేము ముందునుంచీ ఇక్కడే ఉన్నాము అన్న సంగతి రాయమన్నారు, అంతే.

సభ పెట్టి పేరు మార్చుకుంటే చాలదు కదా. కరణం లెక్కలో, బడి రిజిస్టరులో, కోర్టు కాగితంలో పాత మాటే ఉంటే కొత్త పేరు పండగ చొక్కాలాంటిది. మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా గారు ఈ విషయాన్ని పట్టుకున్నారు. పరయ, పంచమ అనే మాటలు సర్కారు రికార్డుల్లో వాడకూడదని, తమిళ ప్రాంతంలో ఆది ద్రావిడ, తెలుగు ప్రాంతంలో ఆది ఆంధ్ర అని రాయాలని 1922 జనవరిలో తీర్మానం పెట్టారు. ఆ ఏడాది మార్చిలో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. అనంతపురం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఆ ఉత్తర్వు మన జిల్లా కచేరీలకు కూడా వర్తించింది. బెజవాడలో ఒక సభలో పుట్టిన మాట నాలుగున్నర ఏళ్ళలో చట్టం మాట్లాడే మాట అయింది.

ఇక్కడ మన అనంతపురం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేము. మన ప్రాంతాన్ని 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. అప్పటినుంచి సర్కారు రికార్డుల్లో మనవి సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్త మండలాలు. అంటే ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన ఊళ్ళు. 1916లో అనంతపురంలో పెట్టిన కాలేజీకి కూడా దత్తమండల కాలేజీ అనే పేరు. ఆ కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు 1928 నవంబరులో నంద్యాల సభలో ఆ పేరు వద్దని, రాయలసీమ అందామని ప్రతిపాదించారు. ఆ పేరు నిలిచింది. పండితులకు, వకీళ్ళకు కూడా తమ జిల్లా పేరు చెప్పుకునేటప్పుడు తల వంగింది కాబట్టే దాన్ని మార్చుకున్నారు. ఒక ప్రాంతం పేరు మారిస్తే ఆత్మగౌరవం అని మెచ్చుకున్నవాళ్ళు మనవాళ్ళు పేరు మార్చుకుంటే మాత్రం పేరులో ఏముంది అన్నారు. రెండూ ఒకే దశాబ్దంలో జరిగాయి.

నిజాం రాజ్యంలో పని ఇంత తొందరగా కాలేదు. అక్కడ శాసన మండలిలో లేచి అడిగే రాజా గారు లేరు. భాగ్యరెడ్డి వర్మ గారు సంఘం పేరును ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగు అని మార్చి, ఆది హిందూ మహాసభలు వరుసగా జరిపించి, సర్కారుకు అర్జీ మీద అర్జీ పెట్టారు. ఆయన దృష్టిలో హిందూ అంటే మతం పేరు కాదు, ఈ దేశానికి బయటివాళ్ళు పెట్టిన పేరు. ఆది హిందువు అంటే ఈ దేశపు మొదటి మనిషి. చివరికి 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అని రాసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. బెజవాడ సభ తర్వాత 14 ఏళ్ళు పట్టింది. అదే ఏడాది ఆయన భాగ్యనగర్ అనే పత్రిక కూడా మొదలుపెట్టారు.

అందరూ ఆయనతో ఏకీభవించలేదు, అది కూడా చెప్పాలి. ఆది ఆంధ్ర, ఆది హిందూ అనే పేర్ల కింద ముందు నడిచింది ఎక్కువగా మాలలే అని, తమకు అందులో చోటు చిన్నదని మాదిగ సోదరులు బాధపడ్డారు. వారిలో చాలామంది అరుంధతీయులు అనే పేరు ఎంచుకున్నారు. హైదరాబాదులోనే అరిగే రామస్వామి గారు, బి.ఎస్. వెంకటరావు గారు వేరు దారుల్లో నడిచారు. పైకి అందరినీ కలిపే పేరు లోపల ఎవరినైనా వదిలేస్తోందా అనే ప్రశ్న అప్పుడే పుట్టింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణ మీద ఇచ్చిన తీర్పు దాకా ఆ ప్రశ్న నడిచి వచ్చింది. మన హాస్టలు గదుల్లో కూడా ఈ మాట మీద వాదనలు జరిగాయి, జరుగుతాయి. ఆయన్ని గౌరవించడానికి ఆ బాధ లేదని చెప్పనక్కరలేదు.

ఇంకో విమర్శ ఉంది. రెడ్డి, వర్మ అని పైవాళ్ళ మాటలే తగిలించుకోవడం ఏమి గౌరవం అని. మాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ఆయన ఆ రెండు మాటలతో ఆగిపోలేదు. తన ఒంటి పేరుకు ఏ మాట తగిలినా, జనం కోసం అడిగిన మాటలో మాత్రం ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. ఆది అనేది ఎవరి కులం పేరూ కాదు, ఎవరి బిరుదూ కాదు.

ఈ మధ్యలో గాంధీ గారు హరిజన అనే మాట తెచ్చారు. ఆ మాట వాడినవాళ్ళలో మంచి మనసున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అది కూడా ఒకరు ఇచ్చిన పేరే గానీ మనం ఎంచుకున్నది కాదు. కొన్నాళ్ళకు ఊళ్ళలో అదీ పాత మాటలాగే వెటకారంగా మారింది. కుల ధ్రువీకరణ పత్రాల్లో హరిజన అని రాయవద్దని కేంద్ర ప్రభుత్వం 1982లో రాష్ట్రాలకు చెప్పింది. అయినా మన హాస్టళ్ళను పెద్దవాళ్ళు ఇప్పటికీ హరిజన హాస్టలు అనే అంటారు, అందులో కొందరు మన తాతలే.

భాగ్యరెడ్డి వర్మ గారు 1930లో లక్నోలో జరిగిన సభలో అంబేద్కర్ గారిని మనందరి ప్రతినిధిగా రౌండ్ టేబుల్ సమావేశానికి పంపాలని బలపరిచారు. బుద్ధుడి మీద ఆయనకు ముందునుంచీ అభిమానం, బుద్ధ జయంతులు జరిపించేవారు, చివరి రోజుల్లో బౌద్ధం వైపే నడిచారు. జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని చెబుతారు. మైకులు అందరికీ అందని రోజుల్లో మూడు వేల ఉపన్యాసాలంటే గొంతు ఏమయి ఉంటుందో ఊహించుకోండి.

బడుల సంగతి మళ్ళీ చెబుతామన్నాము. 1934లో ఆ బడులన్నిటినీ నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్ళకు పైగా చందాలతో నడిపిన బడులు. పేరు మార్చే పని, బడి పెట్టే పని ఆయనకు ఒకటే పనిగా ఉండేవి. బడి లేకుండా పేరు ఒక్కటే మార్చి ఉంటే, రిజిస్టరులో ఏమి రాశారో చదవగలిగేవాళ్ళు మనలో ఎంతమంది ఉండేవారు? మా ఇళ్ళలో కాలేజీ మెట్లు ఎక్కింది మా తరమే. మా అవ్వా తాతలు వేలిముద్ర వేసిన కాగితాల్లో వాళ్ళ పేర్లు ఎలా రాసి ఉన్నాయో వాళ్ళకు తెలియదు. మేము చదివి చూశాము. పక్క పొలం ఆసామి పేరు చివర గారు ఉంది, మా తాత పేరు చివర గాడు ఉంది. ఒకే కాగితం, ఒకే చేతిరాత, ఒకే సిరా.

1939 ఫిబ్రవరి 18న భాగ్యరెడ్డి వర్మ గారు కన్నుమూశారు. 51 ఏళ్ళు కూడా నిండలేదు. స్వాతంత్ర్యం చూడలేదు, రాజ్యాంగం చూడలేదు. కానీ చట్టం భాష ఆయన పోయేనాటికే మారుతోంది. 1935 చట్టంలో డిప్రెస్డ్ అనే మాట పోయి షెడ్యూల్డ్ కులాలు అనే మాట వచ్చింది, 1936లో జాబితా వచ్చింది. షెడ్యూలు అంటే పట్టిక. ఆ మాటలో పొగడ్త లేదు, తిట్టూ లేదు. పొడిగా ఉంది. కొందరికి ఆ పొడితనం నచ్చదు గానీ మాకు నచ్చుతుంది. ఎవరు కింద, ఎవరు పైన అని చెప్పకుండా, ఈ జాబితాలో ఉన్నవాళ్ళకు రావలసింది ఇవ్వండి అని మాత్రమే చెబుతుంది.

రాజ్యాంగం ముందుమాటలో వ్యక్తి గౌరవం అనే మాట ఉంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇంగ్లీషు మూలంలో ఆ మాటను కొటేషను గుర్తుల మధ్య రాశారు, ఇది మా మాట కాదు, మీరు వాడిన మాట అన్నట్టు. దాని పక్కనే 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది. రావు బహదూరులు, దివాన్ బహదూరులు పోయారు. కింద ఉన్న మాటను, పైన ఉన్న మాటను పక్కపక్క అధికరణాలతో తీసేసిన తీరు లా చదివేవాళ్ళు ఎందరు గమనిస్తారో తెలియదు గానీ, మేము చదివినప్పుడు పుస్తకం కాసేపు పక్కన పెట్టి కూర్చున్నాము. పై మాట పూర్తిగా పోయిందని చెప్పలేము. జడ్జీలను మై లార్డ్ అనకుండా వేరే గౌరవ పదాలతో పిలవమని బార్ కౌన్సిల్ 2006లో తీర్మానం చేసినా ఆ పిలుపు కోర్టుల్లో వినిపిస్తూనే ఉంది.

1955లో వచ్చిన చట్టం పేరు అస్పృశ్యతా నేరాల చట్టం. 1976లో దాని పేరు పౌర హక్కుల రక్షణ చట్టం అని మార్చారు. నేరం పేరు తీసి హక్కు పేరు పెట్టారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి ముందు మనల్ని కావాలని అవమానించడాన్ని నేరం చేసింది. 2015 సవరణ కులం పేరుతో దూషించడాన్ని విడిగా రాసింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని చెప్పే నిబంధనలను కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం కాలం తీసేయమంది.

ఇక్కడ మన తమ్ముళ్ళకు తరచూ వచ్చే సందేహం ఒకటి ఉంది. కులం పేరు పెట్టి తిడితే నేరం అంటారు, మళ్ళీ అదే కులం పేరు తహసీల్దారు సంతకంతో రాసి ఇస్తారు, ఇదేమి చట్టం అని. స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు కులం కాలం దగ్గర పెన్ను ఆగిపోయే పిల్లలు ఉన్నారు. పక్కవాడు చూస్తాడేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తారు. మేమూ అలా రాసినవాళ్ళమే. తిట్టులో ఆ మాట మనల్ని నలుగురిలో కిందికి తొయ్యడానికి వస్తుంది. పత్రంలో అదే మాట మనకు రావలసింది రాబట్టడానికి వస్తుంది. చట్టం ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, ఎందుకు అన్నారు అని చూస్తుంది. మాట ఒకటే అయినా నేరం ఒకటి కాదు.

వానలు మొహం చాటేసి, బుడ్డల పంట ఎండిపోయి, అమ్మానాన్న బెంగళూరుకు కూలికి పోయిన ఇంట్లో పిల్లవాడికి ఈ పేర్ల చరిత్ర ఎందుకు అని మా స్నేహితుడే ఒకడు అడిగాడు. ఆ పిల్లవాడు పడుకునే మంచం, తినే సంగటి, చదివే పుస్తకం ఆ జాబితాలో ఉన్న మాట వల్లనే వచ్చాయి. ఆ మాట జాబితాలో లేకపోతే వార్డెన్ గారి రిజిస్టరులో అతని పేరు లేదు. కర్నూలు జిల్లా పెద్దపాడు నుంచి వచ్చి మన అనంతపురం దత్తమండల కాలేజీలోనే డిగ్రీ చదివిన దామోదరం సంజీవయ్య గారు లా చదివి, 1960లో రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. అక్కడ చేరిన మన పిల్లలు ఈ చట్టాలను వాటి మూల భాషలో చదువుకుంటున్నారు.

ఈ ఏడాది ఇంటరులో, డిగ్రీలో చేరబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎలాగూ కుల ధ్రువీకరణ పత్రం కోసం మండల ఆఫీసుకు వెళతారు. వీలైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఆంధ్రప్రదేశ్ జాబితా ఒకసారి అడిగి చూడండి. అక్షర క్రమంలో ఉంటుంది. 5వ నెంబరు దగ్గర అరుంధతీయ. 2వ నెంబరు ఆది ద్రావిడ. బెజవాడ సభలో 29 ఏళ్ళ అధ్యక్షుడు అడిగి పెట్టించిన ఆది ఆంధ్ర అనే మాట 1వ నెంబరు.